మేస్త్రి బొటనవేలు

గోడ కనిపిస్తే చాలు, మేస్త్రి చెయ్యి ఊరుకోదు. పెళ్ళికి వెళ్ళినా, ఆస్పత్రికి వెళ్ళినా, ఎవరైనా పోయారని పలకరించడానికి వెళ్ళినా సరే, ముందు వేలు మడిచి గోడ మీద టకటకా కొట్టి వింటాడు. గట్టిగా పలికిందా, మనతో మాట్లాడతాడు. గుల్లగా పలికిందా, ఇక ఆ మనిషి మనతో లేనట్టే. ఆ గుల్ల ఎంతవరకు పాకిందో, దాని అంచు ఎక్కడుందో బొటనవేలి గోటితో వెతుక్కుంటూ పోతాడు. ఒకసారి ఎదురింటావిడ భర్త పోయి ఏడుస్తూ ఉంటే, ఈయన ఆవిడ వెనకాల గోడకు చెవి ఆనించి నిలబడ్డాడు. భార్య చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. "మీకు సిగ్గనేది ఉందా అండీ?" అని వీధిలోనే కడిగేసింది. "గోడకు నెమ్ము పట్టిందే, వానాకాలం దాకా ఆగదు" అన్నాడు మేస్త్రి, పోయినవాడి కంటే గోడ గురించే ఎక్కువ బాధపడుతూ.

పని అలాంటిది మరి. లోపల గార గుల్లయిన చోట పైన ఎంత ఖరీదైన రంగు వేసినా నిలవదు. ముందు ఆ గుల్లను పెచ్చులు పెచ్చులుగా ఊడగొట్టాలి. కొత్తగా పూయాలి, లప్పం పెట్టాలి, అరగదీయాలి. ఆ తర్వాతే రంగు. గుల్లను చూసి కూడా వదిలేసినవాడు మేస్త్రే కాదని ఆయన పట్టుదల. ఆ పట్టుదలతోనే పేరు తెచ్చుకున్నాడు. ఆ పేరు అత్తవారింట్లో మరీ ఎక్కువ. "మా అల్లుడు చెయ్యి పెడితే గోడలో ముఖం చూసుకోవచ్చు" అని మామగారు దారినపోయేవాళ్ళను ఆపి మరీ చెప్పేవారు.

ఆ మామగారికి ఒక్కగానొక్క కొడుకు. ఇంట్లో అందరూ వాణ్ణి హడావిడి అనే పిలుస్తారు. నడవడు, పరిగెత్తుతాడు. తినడు, మింగుతాడు. ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టాడు, మూశాడు. రంగు చేపలు పెంచాడు, అవి తేలిపోయాయి. ఏది చేతికిచ్చినా మూడునాళ్ళ ముచ్చటే. వాడు చేసిన తప్పులు కొన్ని, చేయకపోయినా వాడి ఖాతాలో పడ్డవి ఇంకొన్ని. ఇంట్లో గ్లాసు పగిలిన చప్పుడైతే చాలు, ఎవరూ లేచి చూడకుండానే వాడి పేరు పెట్టి కేకేసేవారు.

మామగారికి ఒక వ్యాను ఉంది. జీవితమంతా దాన్నే నమ్ముకుని, జనాన్ని అక్కడికీ ఇక్కడికీ తిప్పి, ఇద్దరు పిల్లల్ని పెంచారు. మోకాళ్ళు మొరాయించాక అమ్మేద్దామనుకున్నారు. హడావిడి కాళ్ళావేళ్ళా పడ్డాడు. "అమ్మొద్దు నాన్నా. ఉత్తరాన అన్ని కోటలు, మహళ్ళు ఉన్నాయి. వాటిని శ్రద్ధగా తిప్పి చూపించేవాడు మన వైపు ఒక్కడూ లేడు. ఆ పని నేను చేస్తాను, ఒక్క అవకాశం ఇవ్వండి" అన్నాడు. మామగారు చాలాసేపు మీసం నిమురుకుని, "సరే, ముందు మమ్మల్నే తీసుకెళ్ళు. సక్రమంగా తిప్పి తీసుకొచ్చావా, వ్యాను నీది. ఏ చిన్న తేడా వచ్చినా అమ్మకానికే. ఆ తర్వాత నా దగ్గర ఏడవకు" అన్నారు. అలా బయల్దేరారు మామగారు, అత్తగారు, మేస్త్రి, ఆయన భార్య. స్టీరింగు ముందు హడావిడి.

నమ్మండి నమ్మకపోండి, ఈసారి వాడు నిజంగానే మారిపోయాడు. తండ్రి మోకాళ్ళ కోసం బసలో అడిగి మరీ కింది గదులే తీసుకున్నాడు. తల్లి నడుముకు దిండు తెచ్చాడు. ఏ కోట ఎవరు కట్టించారో, ఏ రాజు ఏ కిటికీలోంచి ఎవరిని చూసి మనసు పారేసుకున్నాడో కథలు కథలుగా చెప్పాడు. లోతైన మెట్లబావి దగ్గర వాడు చెబుతూ ఉంటే, వేరే గుంపులో వచ్చినవాళ్ళు కూడా దగ్గరికి జరిగి విన్నారు. మామగారు మొదట్లో ముఖం గంటు పెట్టుకుని కూర్చున్నారు గానీ, కొండమీది కోట చూసి దిగేసరికి మెత్తబడ్డారు. "పర్వాలేదు అల్లుడూ, వీడు బాగానే తిప్పుతున్నాడు" అని మేస్త్రి చెవిలో అన్నారు. చెవిలో అంటే పేరుకే. ఆయన గుసగుస కూడా కోట గోడ అవతలికి వినిపిస్తుంది. ముందు నడుస్తున్న హడావిడి వెనక్కి తిరిగి చూడలేదు గానీ, వాడి నడకే మారిపోయింది. మేస్త్రికి ముచ్చటేసింది. బావమరిది అంటే ఆయనకు మొదటినుంచీ ఇష్టమే.

ఇక మేస్త్రి సంగతి. అందరూ తలెత్తి గుమ్మటం చూస్తూ ఉంటే ఈయన వంగి మూలలు చూసేవాడు. భార్య పక్కనే నడుస్తూ, పసివాడికి చెప్పినట్టు, "చేతులు!" అని హెచ్చరిస్తూనే ఉంది. ఆ మాట వినపడగానే మేస్త్రి చేతులు వెనక్కి కట్టుకునేవాడు.

కొండమీది కోట దిగాక, ఆ మధ్యాహ్నం చూసింది ఒక పాత మహలు. లోపలి గదిలో గోడ పొడుగునా ఊరేగింపు బొమ్మ ఉంది. గుర్రాలు, బాకాలు ఊదేవాళ్ళు, మద్దెల వాయించేవాళ్ళు, వెనకాల పల్లకి. రంగులు వెలిసిపోయినా ముఖాలు వేటికవే తెలుస్తున్నాయి. ఒకడిది నవ్వు ముఖం, ఒకడిది నిద్ర ముఖం, ఇంకొకడిది చెప్పు కరిచినవాడి ముఖం. జనం తాకకుండా గోడ ముందు తాడు కట్టి, ముట్టుకోవద్దని బోర్డు పెట్టారు. మేస్త్రి పుట్టి బుద్ధెరిగాక అంత నున్నటి గార చూడలేదు. దాన్ని పూసినవాడెవడో గానీ వాడి చేతులకు దణ్ణం పెట్టాలనిపించింది ఆయనకు.

అప్పుడే హడావిడి అందర్నీ కలిపి ఫొటో తీస్తానన్నాడు. "అక్కా, కాస్త జరుగు. అమ్మా, ఇటు చూడు. నాన్నా, నవ్వితే ఏం పోతుంది?" అంటూ ఫోను పట్టుకుని వెనక్కి వెనక్కి నడిచి, వీపున సంచితో సహా తాడు దాకా వచ్చేశాడు. "నాకు ఫొటోలొద్దు, మీరు తీసుకోండి" అని మేస్త్రి వాడి పక్కన గోడవైపు తిరిగి నిలబడ్డాడు. మిగతా అందరి కళ్ళూ ఫోను మీదే ఉన్నాయి. భార్య కళ్ళు కూడా.

చెయ్యి దానంతటదే తాడు దాటింది. వేలు మడిచి మెల్లగా కొట్టాడు. గుల్ల. కొంచెం పక్కన కొట్టాడు. అక్కడా గుల్లే. 'అయ్యయ్యో, ఇది పోతోందే' అనుకున్నాడు, సొంత ఇల్లు కూలిపోతున్నట్టు. బొటనవేలు అంచు వెతికింది. సన్నటి పగులు తగిలింది. గోరు ఆ పగుల్లో దూరి, ఏ ఇంట్లోనైనా చేసినట్టే, కొద్దిగా పైకి ఎత్తి చూసింది. అంతే! అరచేతంత పెచ్చు లేచి, కిందపడి పిండైపోయింది. మద్దెల వాయించేవాడి ముఖం ఉన్నచోట ఇప్పుడు మట్టిరంగు మచ్చ మిగిలింది.

ఆ చప్పుడుకు హడావిడి ఉలిక్కిపడి వెనక్కి తూలాడు. సంచి తగిలి తాడు ఊగింది. అందరూ చూసింది ఆ ఊగే తాడునే.

"ఏం చేశావురా?" అని అత్తగారు గుండెల మీద చెయ్యేసుకుంది.

"నేనా? నేనేం... సంచి తగిలిందా ఏంటి?" అంటూ వాడు సంచి వీపు మీంచి తీసి చూసుకున్నాడు. పొద్దుటినుంచీ కోట గోడలన్నిటికీ ఆనిన సంచి, దాని మీదంతా తెల్లటి దుమ్ము. వాడి ముఖం పాలిపోయింది. "అమ్మో" అన్నాడు నీరసంగా.

మేస్త్రి చెయ్యి అప్పటికే జేబులో ఉంది. ఎప్పుడు వెళ్ళి దాక్కుందో ఆయనకే తెలియదు. అప్పుడు నోరు తెరిస్తే ఎంత బాగుండేది! "నేనే" అంటే సరిపోయేది. చెయ్యి బయటికి తీసి చూపిస్తే మాట కూడా అక్కర్లేదు, గోరు నిండా ఆ రంగే. కానీ చెయ్యి జేబులోంచి తీయలేదు. ఊళ్ళో గోడలన్నీ నిలబెట్టే మేస్త్రి, బోర్డు చదివి కూడా ఇంత పాత గోడను ఊడగొట్టాడంటే రేపు తల ఎలా ఎత్తుకుంటాడు? మామగారి ముందు, అత్తగారి ముందు ఎలా నిలబడతాడు? అలా ఆలోచిస్తూ ఉండగానే తప్పు వాడి మీదికి వెళ్ళిపోయింది. వెళ్ళిపోయినప్పుడు, చెప్పుకోవడానికే సిగ్గుచేటు, మేస్త్రికి హమ్మయ్య అనిపించింది.

మహలు బాగోగులు చూసే అధికారిణి పరుగెత్తుకొచ్చింది. నేలమీది పిండి చూసింది, గోడ చూసింది. తర్వాత హడావిడి మీద అగ్గిమీద గుగ్గిలమైంది. "కళ్ళు నెత్తికెక్కాయా? బోర్డు చదవడం రాదా? నువ్వా నలుగురికీ చూపించేవాడివి?" అంది. ఆవిడ తిట్టిందంటే అర్థముంది. మామగారు కూడా అందుకున్నారు. చుట్టూ జనం మూగి చూస్తుండగా, "దరిద్రుడా! ఇంటికి పట్టిన శనిరా నువ్వు! నిన్ను నమ్మి బయల్దేరాను చూడు, నన్ననుకోవాలి. చెయ్యి పెట్టిన ప్రతిదీ నాశనమే!" అని గొంతు చించుకున్నారు. హడావిడి తల వంచుకుని, "నిజమే నాన్నా, చూసుకోలేదు" అన్నాడు. అధికారిణి ఫోను తీసి వాడి ముఖం ఫొటో తీసుకుంది. "గేటు దగ్గర వాళ్ళందరికీ పంపిస్తాను. ఇకమీదట గుంపును వెంటేసుకుని ఇక్కడికి అడుగుపెట్టావో చూడు" అని వేలు చూపించి చెప్పింది.

మేస్త్రి తేలుకుట్టిన దొంగలా ఒక పక్కన నిలబడ్డాడు. కిక్కురుమంటే ఒట్టు.

బసకు చేరగానే మామగారు వ్యాను తాళాలు లాక్కుని చొక్కా జేబులో వేసుకున్నారు. "పొద్దున్నే తిరుగు ప్రయాణం. వెళ్ళీ వెళ్ళగానే దాన్ని అమ్మిపారేస్తాను" అన్నారు. ఇంకా చూడాల్సిన కోటలు మిగిలే ఉన్నాయి. వాటి గురించి అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. హడావిడి మాత్రం బకెట్టు నీళ్ళు తెచ్చుకుని వ్యాను అద్దాలు తుడుస్తూ కూర్చున్నాడు. అమ్మేసే బండి అద్దాలు తుడవడమెందుకో వాడికే తెలియాలి.

మేస్త్రి గుండె రాయి చేసుకుని వాడి దగ్గరికి వెళ్ళాడు. చెప్పేద్దామనే వెళ్ళాడు, ఆ మాట ఒప్పుకోవాలి. నోరు తెరిచేలోపే వాడు అందుకున్నాడు. "అందరూ తలో మాటా అన్నారు బావా. అమ్మ కూడా. నువ్వొక్కడివే ఒక్క మాట అనలేదు. గుర్తుపెట్టుకుంటాను" అన్నాడు. ఆ మాటతో మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. అవతలి అద్దం తుడవడానికి ఒక గుడ్డ తీసుకున్నాడు. బావా బావమరుదులిద్దరూ మారు మాట లేకుండా వ్యాను కడిగారు.

సాయంత్రం గదిలో భార్య కంచం ముందు పెడితే మేస్త్రి ముట్టుకోలేదు. "ఒంట్లో బాగాలేదా?" అని ఆవిడ నుదురు పట్టుకుని చూసింది. ఆ చెయ్యి తగలగానే ఆయన మొత్తం కక్కేశాడు. గుల్ల, పగులు, గోరు, జేబు, అన్నీ. ఆవిడ మంచం మీద కూలబడి, చాలాసేపు ఆయన బొటనవేలినే చూస్తూ ఉండిపోయింది.

"ఒక్క ఫొటో కోసం అటు తిరిగానండీ" అంది చివరికి. "ఒక్క ఫొటో."

"ఏం చేయమంటావు చెప్పు."

"నాకెందుకు చెప్తున్నారు?" ఆవిడ గొంతు పెరిగింది. "నా తమ్ముడండీ వాడు. పుట్టి ఇన్నేళ్ళకి మా నాన్న వాణ్ణి బాగా చేస్తున్నాడని మెచ్చుకున్నాడు. నేను కూడా తిట్టాను వాణ్ణి, వ్యానులో వస్తూ. మీరు నా పక్కనే కూర్చుని విన్నారు. ఎలా వినగలిగారండీ?"

మేస్త్రి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ గోడను కొట్టి చూడాలని ఆయన చేతికి అనిపించలేదు.

తెల్లారి అందరూ వరండాలో టీ తాగుతున్నప్పుడు మేస్త్రి లేచి నిలబడ్డాడు. "మామయ్యా, నిన్న ఆ గోడ పాడుచేసింది వాడు కాదు. నేను" అన్నాడు. మామగారు గ్లాసు కింద పెట్టి, అల్లుడి ముఖంలోకి చూసి, ఆప్యాయంగా నవ్వారు.

"మీ మంచితనం నాకు తెలియనిదా అల్లుడూ? బావమరిది మీద ప్రేమ కొద్దీ మీ నెత్తిన వేసుకుంటున్నారు. మీ చెయ్యి పడితే గోడలు నిలబడతాయి గానీ ఊడతాయా?"

"నిజం మామయ్యా."

"చూశావురా? ఆయన్ని చూసి నేర్చుకో" అన్నారు మామగారు కొడుకుతో. అత్తగారు కొంగుతో కళ్ళొత్తుకుంది. హడావిడి వచ్చి, "వద్దు బావా, నాకోసం నువ్వు మాట పడొద్దు" అని చెయ్యి పట్టుకున్నాడు. మేస్త్రికి నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. నిజం చెప్పినందుకు కూడా పొగడ్తే దక్కింది. భార్య ఒక్కతే తలవంచుకుని ఉంది.

"అయితే మహలుకు పదండి" అన్నాడు మేస్త్రి. "అక్కడే చెప్తాను. రాకపోతే నేనొక్కణ్ణే నడిచి పోతాను." ఎప్పుడూ గొంతెత్తని మనిషి అరిచేసరికి మామగారు తాళాలు తీసి లేచారు. వద్దు వద్దంటున్నా వినకుండా ఆయనే నడిపారు.

మహలు దగ్గర అధికారిణి హడావిడిని చూసి గుమ్మంలోనే ఆపబోయింది. మేస్త్రి అడ్డంగా వెళ్ళి, తానెందుకొచ్చాడో చెప్పాడు. ఆవిడ అనుమానంగా చూసి, "చేతులు దూరంగా పెట్టి చూపించండి" అంది. మేస్త్రి గోడకు మూరెడు దూరంలో నిలబడి, గాల్లోనే వేలు మడిచి, ఎక్కడ కొట్టాడో, గుల్ల ఎటు పాకిందో, పగులు ఎక్కడ తగిలిందో, గోరు ఎలా దూరిందో మొత్తం చూపించాడు. మచ్చ కింది అంచున గోటి గీత సన్నగా, నెలవంకలా మిగిలే ఉంది. ఆవిడ వంగి చూసి, నిటారుగా లేచింది.

"పని తెలిసినవాళ్ళు మీరు!" అంది. "తెలియనివాడు తగిలించాడంటే ఏదో అనుకుంటాను. గుల్లని తెలిసి గోరు పెట్టారా? పెట్టి, నిన్న ఆ అబ్బాయిని నేను తిడుతూ ఉంటే నోరు మూసుకుని నిలబడ్డారా?"

మామగారి ముఖంలో రంగులు మారాయి. ఇప్పుడు నమ్మారు. నమ్మి, చేతులు జోడించి ఆవిడకు అడ్డం వెళ్ళారు. "పొరపాటమ్మా. అలవాటు కొద్దీ చెయ్యి పోయింది. కావాలని చేస్తారా? పెద్దమనిషి, పని మీద ప్రాణం పెట్టే మనిషి. ఎవరికైనా జరుగుతుంది ఇలాంటిది, పెద్దమనసు చేసుకోండి."

హడావిడి గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. ఎవరికైనా జరుగుతుందన్న మాట వినగానే తలెత్తి తండ్రిని చూశాడు. నిన్న ఇదే గోడ దగ్గర, ఇదే పెచ్చుకు, వాడికి దొరికిన మాటలు వేరు. మేస్త్రి ఆ చూపు చూశాడు. నిజం చెప్పేస్తే బరువు దిగుతుందనుకున్నాడు పిచ్చిమనిషి. ఇప్పుడు ఒళ్ళంతా కంపరమెత్తింది.

"నన్ను తిట్టండి మామయ్యా" అన్నాడు.

"అదేం మాట అల్లుడూ, ఊరుకోండి."

"నిన్న వాడినేమన్నారో ఆ మాటలే అనండి. చేసింది నేను. దరిద్రుడా అనండి. ఇంటికి పట్టిన శని అనండి. నలుగురిలోనే అన్నారుగా, ఇప్పుడూ నలుగురూ ఉన్నారు. అనండి."

మామగారు నోరు తెరిచారు. అల్లుణ్ణి అనడానికి ఆయనకు మనసొప్పలేదు. కొడుకువైపు తిరగబోయి, అటు చూడలేక, నేలచూపులు చూస్తూ ఉండిపోయారు.

అధికారిణి ఫోనులో హడావిడి ఫొటో తీసేసి, మేస్త్రి ముఖం ఫొటో తీసుకుంది. "అబ్బాయి ఎవరినైనా తీసుకుని రావచ్చు. మీరు మాత్రం రావద్దు" అంది. మేస్త్రి తలూపాడు.

బయటికి వచ్చాక మామగారు తాళాలు తీసి కొడుకు చేతిలో పెట్టారు. ఏదో అనాలని చూశారు. "ఎండ ముదురుతోంది" అని మాత్రం అని, కర్ర పొడుచుకుంటూ వ్యాను వైపు నడిచారు. ఆడవాళ్ళిద్దరూ ఆయన వెనకే వెళ్ళారు. మేస్త్రి, హడావిడి మిగిలారు.

"ఒరేయ్, క్షమించమని అడగడానికి కూడా నాకు ముఖం చెల్లట్లేదురా" అన్నాడు మేస్త్రి.

"తిట్లదేముంది బావా, చిన్నప్పట్నుంచి తింటున్నవేగా." వాడు ఎప్పుడూ లేనంత నెమ్మదిగా మాట్లాడుతున్నాడు. "నిన్న బసలో సంచి తగిలించుకుని గదిలో వెనక్కి నడిచి చూశాను, ఎలా తగిలిందా అని. మళ్ళీ మళ్ళీ నడిచాను. కాసేపటికి గుర్తొచ్చింది బావా. గోడ నా వీపుకి తగలడం, లోపల ఏదో మెత్తగా కదలడం, అంతా. జరగనిది గుర్తొచ్చింది నాకు."

మేస్త్రి ఏదో అనబోయాడు. వాడు అప్పటికే వ్యాను దగ్గరికి వెళ్ళి, తండ్రి మోకాలు నొక్కుకోకుండా మెల్లగా ఎక్కించి, తల్లి నడుము వెనక దిండు సర్ది, బావ ఎక్కడానికి తలుపు తెరిచి పట్టుకున్నాడు. మేస్త్రి తల వంచుకుని ఎక్కాడు.